ఆగిన ప్రయాణము – పెరటి పరిచయములు

సముద్రమునకు దగ్గరలో కాపురమున్నవారికి గాలితో కొంత చనువు ఉంటుంది. బాపట్ల నుండి సూర్యలంకకు సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఆ దారి పొడుగునా ఇసుక నేలలు, సరుగుడు తోటలు. ఏ గాలికి సరుగుడు ఏ శ్రుతిలో పలుకుతుందో ఈ దారిలో ఇల్లు కట్టుకొన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. మాది ఆ ఇండ్లలో ఒకటి. కాని 2023 డిసెంబరు మొదటివారములో వచ్చిన గాలి ఈ చనువును మన్నించలేదు. ఆ తుపానుకు 'మిచాంగ్' అని పేరు. ఆ పేరు మయన్మారు దేశము సూచించినది. చెన్నపట్టణమును వానలో ముంచి, తీరము వెంబడి ఉత్తరముగా నడచి, 5వ తేదీ మధ్యాహ్నము అది బాపట్ల దగ్గరనే గట్టెక్కినది. గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగముతో వీచిన ఈదురుగాలి అది. ఎనిమిది రోజుల క్రితము కార్తిక పౌర్ణమి స్నానమునకు జనముతో కిటకిటలాడిన సూర్యలంక ఇసుకమీద ఆనాడు నరమానవుడు లేడు.

ఆ తుపాను మోసుకొనిపోయిన వానిలో మా ప్రయాణము ఒకటి.

వన్యప్రాణుల ఛాయాచిత్రములు తీయుట నాకు నలుబది ఏండ్లు దాటిన తరువాత పట్టిన పిచ్చి. ఛందస్సు చెప్పుకొని బ్రతికే మనిషికి ఇదేమి వ్యసనమని అడిగినవారు ఉన్నారు. లఘువు, గురువు గుర్తించే చూపే రెక్కను, ముక్కును కూడ గుర్తించగలదని వారికి చెప్పి తప్పించుకొంటూ ఉంటాను. ఆ సంవత్సరము ఇద్దరు సహోద్యోగులతో కలిసి సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టుకు, అక్కడనుండి పులికాటు సరస్సుకు పోవలెనని నిశ్చయించుకొన్నాము. 4వ తేదీ రాత్రి రైలుకు టిక్కెట్లు. రెండు రోజులు ముందుగానే ఆ దారి రైళ్లు అనేకము రద్దయినట్లు ప్రకటన వచ్చినది. వాటిలో మాదీ ఉన్నది.

నేలపట్టు చూడనివారి కొరకు ఒక మాట. అక్కడి చెరువులో నీటి నడుమ నిలిచిన చెట్లమీద శీతకాలమంతా గూడబాతులు కాపురము పెడతవి. ముక్కు క్రింద సంచి గల ఆ పెద్ద పక్షి పిల్లకు ఆహారము పెట్టుట చూడవలసిన దృశ్యము. పిల్ల తల్లి గొంతులోనికి తల దూర్చి తింటుంది. వాటి రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు బలమని గుర్తించి, ఆ ఊరివారు పక్షులను తరతరాలుగా ఆదరించినారు. ప్రభుత్వము దానిని 1976లో రక్షితకేంద్రముగా ప్రకటించినది. పులికాటు సంగతి జగద్విదితము. తల క్రిందులుగా నీట ముంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టి తినే రాజహంసలు, తిన్న తిండివలననే రెక్కలకు ఎరుపు సంపాదించుకొనే రాజహంసలు, అక్కడ వేలసంఖ్యలో దిగుతవి. ఈ రెండు ప్రదేశములకు బదులుగా మా పెరడు చాలునని ఎవరైన అంటే నేను ఒప్పుకొనను. చాలదు. ఓదార్పు వేరు, ప్రత్యామ్నాయము వేరు.

అదియుగాక ఆ వారములో విచారించదగిన నష్టములు వేరే ఉన్నవి. కోసి పనలమీద ఉన్న వరి నీట నానినది. కోయని వరి నేలకు ఒరిగినది. నాలుగు రోజులు గడిచేసరికి వెన్నులకే మొలకలు వచ్చినవి. మా ప్రక్క వీధిలోని రైతు ఒకరు మోకాటిలోతు నీటిలో నిలబడి పనలను గట్టుమీదికి చేర్చుట చూచిన తరువాత, రాజహంస బొమ్మ దొరకలేదని నిట్టూర్చుటకు నాకు నోరు రాలేదు. ఆ మౌనములో నుండియే కాబోలు, ఇంటిలో కూర్చుని కిటికీలోనుండి బయటికి చూచుట మొదలైనది.

గాలి తగ్గిన మరునాడు ఉదయము పెరటిలో మునగచెట్టు విరిగి పడి ఉన్నది. దాని కొమ్మల మధ్య ఒక జెముడుకాకి నడుచుచున్నది. ఎగురుటలేదు, నడుచుచున్నది. నల్లని ఒడలు, ఇటుకరంగు రెక్కలు, రక్తము గట్టినట్లున్న కన్నులు. ఒక్కొక్క ఆకును తొలగించి క్రింద ఉన్న నత్తను తీసి, రాతికి కొట్టి, తిని, మరల నడక. మా అమ్మకు ఎనుబది మూడేండ్లు. చూపు మందగించినది గాని చెవి చురుకు. "కూప్, కూప్" అని కడవలోనుండి వచ్చినట్లు వినబడిన ఆ కూతను విని, "జెముడుకాకి కదూ! ప్రయాణానికి ముందు ఎదురు రావలసిన పిట్ట, ప్రయాణం ఆగిపోయినాక వచ్చిందేమిరా?" అన్నది. శకునము సంగతి నాకు తెలియదు. కాని కోకిల కులములో పుట్టి కూడ, కోకిలవలె కాకి గూటిలో గుడ్డు పెట్టక, తన గూడు తానే కట్టుకొనే పక్షి ఇది. కోకిలను గూర్చి మన కవులు వ్రాసినదానిలో పదవవంతు దీనికి దక్కలేదు. తన పిల్లలను తానే పెంచుకొనుట కావ్యవస్తువు కాదేమో!

కిటికీ ఊచల వెనుకనుండి దానిని ముప్పదిసార్లు చిత్రించినాను. ఇక్కడ ఒక రహస్యమున్నది. అడవిలో ఛాయాగ్రాహకుడు ఆకులతో, గుడ్డలతో మరుగు కట్టుకొని గంటలకొలది ఊపిరి బిగబట్టవలెను. ఇంటిగోడ ఆ మరుగును ముప్పదియేండ్ల క్రిందటనే కట్టి ఉంచినది. పెరటి పక్షులు ఆ గోడను, ఆ కిటికీని, లోపల కదిలే నీడను పుట్టినది మొదలు ఎరుగును. తుపాను తరువాతి మబ్బుపట్టిన వెలుతురు నల్లని రెక్కలోని మెరుపును కూడ మింగివేయక చూపుతుంది. ఎండ కాసిన రోజున ఇదే జెముడుకాకి బొమ్మలో ఒక నల్లని మచ్చగా మిగులుతుంది.

కాని కరెంటు లేదు. ఉన్న రెండు బ్యాటరీలు రెండవనాటికి అయిపోయినవి. కెమెరా సంచిలోనికి పోయినది. బల్లమీదికి ఒక పాత నోటుపుస్తకము వచ్చినది. నిజమైన ఓదార్పు అప్పుడే మొదలైనదని ఇప్పుడు అనుకొంటాను. బొమ్మ తీసేవాడు ఒక క్షణము కొరకు కాచుకొని ఉంటాడు. ఆ క్షణమునకు ముందున్నది, వెనుకనున్నది అతనికి అక్కరలేదు. పుస్తకము పట్టినవానికి అవే కావలెను. జెముడుకాకి ఎన్ని గంటలకు వచ్చినది, ఏ వైపునుండి వచ్చినది, మునగకొమ్మ ఎండిన తరువాత కూడ వచ్చినదా, నత్తలు తగ్గినప్పుడు ఏమి తిన్నది? ఉడుత విషయము మరింత విచిత్రము. కొబ్బరిచెట్టునుండి జారిపడిన దాని గూడు, పీచు, దూది, మా ఇంటి పాత తువాలు పోగులు, అన్నీ తడిసి ముద్దయినవి. ఆ ముద్దలోనుండియే ఎండిన పోగులను ఏరి నోట కరుచుకొని ఇంటి చూరులోనికి ఎక్కుట మొదలుపెట్టినది. ఒక పూటలో నలుబది మూడు సార్లు. లెక్క నాది, శ్రమ దానిది.

7వ తేదీ సాయంత్రము వాన పూర్తిగా వెలిసినది. వేపచెట్టు మొదట ఉన్న పుట్టలోనుండి ఉసిళ్లు లేచినవి. వేలు, పదివేలు, పొగవలె. ఆ విందునకు పెరటిలోని ప్రాణులన్నియు వరుసక్రమములో వచ్చినవి. మొదట ఏట్రింత, ప్రవాహము లేని కరెంటుతీగమీద కూర్చుండి, ఎగిరి, గాలిలోనే పట్టుకొని, తిరిగి అదే చోట కూర్చుండుట. తరువాత గోరింకలు నేలమీద. కాకులు, అన్నిటికి పెద్దలవలె, ఆలస్యముగా వచ్చి ఎక్కువగా తిన్నవి. చీకటి పడిన తరువాత కొవ్వొత్తి వెలుతురునకు చేరిన ఉసిళ్ల కొరకు గోడమీది బల్లులు దిగినవి. వాటిలో ఒకదానికి తోక తెగి సగము పెరిగినది. అది పట్టిన ఉసిలి రెక్కలు నోటికి అడ్డుపడి మింగలేక, గోడకు ముఖము రాచి రాచి రెక్కలు ఊడ్చుకొని మింగినది. ఆ పని అది ఆ రాత్రి నేర్చుకొన్నదో, ముందే తెలుసునో! మరుసటి రాత్రి ఉసిళ్లు లేవు గాని నేను ఆ బల్లి కొరకు చూచినాను. వచ్చినది. ఆ మరుసటి రాత్రి కూడ.

నేలపట్టులో నేను చూడబోయినది గూడబాతుల జాతిని. అందులో ఏ పక్షి ఏదో నాకు తెలియదు, తెలుసుకొనే వ్యవధి ఉండదు. ఇంటిలో చూచినది ఒక జెముడుకాకిని, ఒక ఉడుతను, తోక తెగిన ఒక బల్లిని. యాత్రలో పక్షులను చూడగలము. వాటితో పరిచయము కావలెనంటే నిన్న చూచినదానినే నేడును, నేడు చూచినదానినే రేపును చూడవలెను. అది ఇంటివద్దనే సాధ్యము.

ఈ మాట నాకు క్రొత్తగా తోచినది కాదు. ఉప్పు, సుంకముల శాఖలో ఉద్యోగము చేసిన ఎడ్వర్డ్ హామిల్టన్ ఎయిట్కెన్ అనే ఆయన 1883లోనే ఒక పుస్తకము వ్రాసినాడు. ఆ రోజులలో ఆంగ్లేయులకు సరిహద్దు అంటే యుద్ధములు జరిగే వాయవ్య సరిహద్దు. ఈయన తన బంగళా ప్రహరీనే సరిహద్దుగా పెట్టుకొని, దానిచుట్టును ఉండే ఎలుకలు, కాకులు, చీమలు, కప్పలే తన సరిహద్దు తెగలని చమత్కారముగా వర్ణించినాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమును స్థాపించినవారిలో ఆయన ఒకడు.

ఆ సంఘముతోనే జీవితమంతయు ముడివడిన సాలిం అలీ కూడ మొదట చూచినది ఇంటి పక్షినే. పదేండ్ల ప్రాయములో తమ గుర్రపుసాల గోడలోని రంధ్రములో ఒక ఆడ పిచ్చుక గుడ్లమీద కూర్చున్నదని, బయట మేకుమీద మగ పిచ్చుక కావలి ఉన్నదని గమనించినాడు. ఆ మగ పక్షిని తుపాకితో కొట్టినాడు. కొంతసేపటికే ఆడపక్షి మరొక మగ పక్షిని తెచ్చుకొన్నది. అదియు అదే మేకుమీద కావలి కూర్చున్నది. ఏడు రోజులలో ఆ ఒక్క మేకుమీదనే ఎనిమిది మగ పిచ్చుకలను కొట్టినాడట! ఈ వేటను మెచ్చుకొనుమని విద్యార్థులకు ఏ ఉపాధ్యాయుడును చెప్పడు. కాని ఆ పిల్లవాడు దానిని తేదీలతో వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ వ్రాతయే చాలాకాలమునకు అచ్చయి, పక్షిశాస్త్రజ్ఞులకు పనికివచ్చినది. ఒకే మేకును ఏడు రోజులు చూచుట ఏ యాత్రికునికి సాధ్యము?

మన పొరుగున మద్రాసులో ఎం. కృష్ణన్ అనే ఛాయాగ్రాహకుడు ఉండేవాడు. తమిళ రచయిత మాధవయ్యగారి కుమారుడు. వివిధ యంత్రముల భాగములు కూర్చి తన కెమెరాను తానే సిద్ధము చేసికొని, దాని బరువునకు తగినట్లు 'సూపర్ పాండరోసా' అని హాస్యముగా పేరు పెట్టుకొన్నాడు. అడవి ఏనుగులను నలుపు తెలుపులలో ఆయన చిత్రించినట్లు చిత్రించినవారు అరుదు. అంతటివాడు 1950 మొదలు 1996లో మరణించువరకు 'స్టేట్స్‌మన్' పత్రికలో వ్రాసిన శీర్షికలో, ఏనుగులతోపాటు కాకులకు, ఉడుతలకు, గోడమీది బల్లులకు కూడ చోటిచ్చినాడు. చేతిలో అడవి ఉన్నవాడు పెరటిని గూర్చి వ్రాయుట ఓదార్పు కొరకు కాదు. రెండును ఒకే చూపునకు లోబడినవని ఎరిగి వ్రాసినాడు.

ఇంతకు, తెలుగు చెప్పుకొనేవాడను, శ్రీకృష్ణదేవరాయలను తలచుకొనక ఎట్లు ఉండగలను! 'ఆముక్తమాల్యద'లో విల్లిపుత్తూరు వర్ణన ఉన్నది. తెల్లవారుజామున వరిపొలముల కాలువలలో బాతులు తలలు రెక్కలలో దూర్చుకొని నిద్రించుచున్నవి. కావలివారు వాటిని చూచి, వేకువ స్నానము చేసి వెళ్లిన బ్రాహ్మణులు మరచిపోయిన తడి బట్టల ముద్దలనుకొంటారు. పాపము, ఇండ్లకు చేర్చుదమని రేవులోనికి దిగుతారు. బట్టలు కాళ్లు మొలిచి పరుగెత్తుతవి! పైరుకు కాపున్న పడుచులు పకపక నవ్వుతారు. ఈ పద్యము పాఠము చెప్పినప్పుడెల్ల నాకొక ఆలోచన. కటకము దాక దండయాత్ర నడిపిన చక్రవర్తికి ఏనుగులు కొదువా, సింహములు కొదువా? ఆయన ఏరుకొన్నది కాలువలో నిద్రపోయే బాతును. నిద్రించే బాతు తల ఎక్కడ పెట్టుకొంటుందో, ఆ మసక వెలుతురులో అది దేనివలె కనబడుతుందో, ఎవడో దగ్గరనుండి చూచి ఉండవలెను. ఏనుగుమీద పోయేవానికి అది కనబడదు.

తరగతులు మరల మొదలైన తరువాత, బి.ఏ. విద్యార్థులకు ఒక పని ఇచ్చినాను. ఇంటిలోనో వాకిటనో ఉన్న ఒక్క ప్రాణిని, ఒక్కదానినే, ఏడు రోజులు చూచి వ్రాసికొనిరావలెను. పక్షిపేరు తెలుగులోనే వ్రాయవలెను. ఈ రెండవ షరతు చాలామందికి కష్టమైనది. రాజహంసకు ఇంగ్లీషు పేరు చెప్పగలిగిన పిల్లలు తమ ఇంటి తీగమీది ఏట్రింతకు తెలుగు పేరు చెప్పలేకపోయినారు. వారు పోయి అమ్మమ్మలను, పాలేరులను అడిగినారు. అదియే నాకు కావలసినది. ఉపాధ్యాయులు ఎవరైన ఈ పని పిల్లలకు ఇవ్వదలచితే, ఎనిమిదవ తరగతినుండియే ఇవ్వవచ్చును. ఖర్చు లేనిది, సెలవు అక్కరలేనిది.

వచ్చిన వ్రాతలలో కొన్ని పేలవము. కొన్ని కేవలము కవిత్వము. పిచ్చుకను గూర్చి అడిగితే స్వేచ్ఛను గూర్చి వ్రాసినారు. కాని ఒక అమ్మాయి, తన నాయనమ్మ రోజూ పెట్టే అన్నపుముద్ద కొరకు వచ్చే కుంటికాకిని వర్ణించినది. నాయనమ్మ జ్వరపడి మంచముమీద ఉన్న రెండు రోజులు ఆ కాకి వాకిట వాలక, పడకగది కిటికీవద్ద వాలినదట. నమ్మవచ్చునా? నేను అడుగలేదు. వేళలు వ్రాసి ఉన్నవి. ఇంకొక ఇంటిలో వరి వెన్నులను కుచ్చుగా అల్లి చూరుకు కట్టినారు. అది మన డెల్టా ఇండ్ల పాత ఆచారము. ఈసారి కట్టినవి తుపానులో నాని మొలకెత్తిన వెన్నులు. మిల్లువాడు వద్దన్న గింజలను పిచ్చుకలు వద్దనలేదని ఆ పిల్లవాడు వ్రాసినాడు. అది చదివి కొంతసేపు పుస్తకము మూసి కూర్చున్నాను.

అన్నిటిలో మంచి వ్రాత సూర్యలంక మత్స్యకారుల పిల్లవానిది. అతడు తన ఇంటిముందరి ఇసుకలోని ఒక ఎండ్రకాయ బొరియను ఏడు రోజులు చూచినాడు. పోటు వచ్చి బొరియను పూడ్చుట, ఆటు తీసినంతనే ఎండ్రకాయ ఇసుకను ఉండలుగా బయటికి విసరుట, ఉండలు ఏ ప్రక్క పడినవి, ఎన్నవనాడు బొరియ రెండు జానలు ప్రక్కకు జరిగినది, అన్నీ ఉన్నవి. "ఇల్లు అని వ్రాసినావు, అది సముద్రతీరము కదా" అంటే, "మా వాకిలే కదండీ మాస్టారూ!" అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక వేకువజామున అతడే నన్ను తన వాకిలి చూపుటకు పిలిచినాడు. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఈ తీరమున గుడ్లు పెట్టుటకు వస్తవి. వలలలో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొనివచ్చినవానిని కూడ ఈ తీరమున చూచినాను. గుడ్లు పెట్టుటకు వచ్చిన తాబేలు ముందర దీపము వేయరాదు. వెలుతురు చూచిన అది బెదరి గుడ్లు పెట్టకయే తిరిగిపోవచ్చును. పిల్లలు సముద్రము ఎటున్నదో గుర్తించేది నీటిమీది వెలుతురును బట్టియే గనుక మన దీపములు వాటిని దారి తప్పించును. అందువలన కెమెరా సంచిలోనే ఉన్నది. తాబేలు అప్పటికే వెళ్లిపోయినది. ట్రాక్టరు చక్రము జాడవలె రెండు వరుసల గుర్తులు, పైకి ఒకటి, క్రిందికి ఒకటి. వాటి చివర తడి ఇసుకలో కప్పిన గుంట. ఒక్కొక్క గుంటలో సుమారు నూరు గుడ్లు ఉంటవి. అటవీశాఖవారు అటువంటి గుడ్లను సంరక్షణకేంద్రమునకు చేర్చి, సుమారు యాబది రోజులకు పొదిగి వచ్చిన పిల్లలను సముద్రములో విడుస్తారు.

"తను పుట్టిన ఒడ్డుకే గుడ్లు పెట్టడానికి వస్తుందని మా తాత అనేవాడండీ" అన్నాడు అతడు. శాస్త్రజ్ఞులు కూడ దాదాపు అంతే చెప్పుచున్నారు. ఎన్నో ఏండ్లు సముద్రమున తిరిగి, తాను పుట్టిన తీరభాగమునకు తిరిగివస్తుందట.

అతడు జేబులోనుండి పుస్తకము తీసి తేదీ వేసినాడు. తూర్పు తెల్లబడుచున్నది. తాబేలు సముద్రములోనికి దిగిన జాడ మధ్యలో అప్పుడే ఒక ఎండ్రకాయ క్రొత్త బొరియ త్రవ్వి, ఇసుక ఉండలను ఎడమప్రక్కకు విసరుచున్నది. అతడు అదియు వ్రాసికొన్నాడు.